లీలావతీ, నేనూ, లెక్కల పరీక్షా

లెక్కలంటే మీకు భయమా? నాకైతే భయం అనే మాట చాలదు. ఎస్సెల్సీ చదివే రోజుల్లో పేపరు చేతికి రాగానే అరచేతులు చెమటలు పట్టేవి. నిన్న చేసిన లెక్కే ఇవాళ ముక్కూ మొహం తెలియనట్టుండేది. అర్ధసంవత్సరం పరీక్షలో నూటికి 19 వచ్చాయి. "పబ్లిక్‌లో కూడా తప్పితే చదువు మాన్పించి సంబంధం చూద్దాం" అని నాన్నగారు అమ్మతో అంటూంటే తలుపు చాటునుంచి విన్నాను.

ఆ సాయంత్రం తాతయ్య నన్ను అరుగుమీద కూచోబెట్టి లీలావతి కథ చెప్పారు. ఆమె భాస్కరాచార్యుల కూతురట. జాతకరీత్యా పెళ్ళికి ఒకే ఒక్క ముహూర్తం. సమయం తెలియడానికి నీళ్ళలో గడియకుడుక వేశారు. పిల్ల వేడుకకొద్దీ వంగి చూసింది. నగలోని ముత్యం జారి, కుడుక చిల్లికి అడ్డం పడింది. ముహూర్తం కాస్తా దాటిపోయింది. కూతుర్ని ఓదార్చడానికి తండ్రి ఆమె పేరుతో లెక్కల పుస్తకం రాశాడట.

ఇది నిజమా అని తరవాత్తరవాత నేనే పుస్తకాలు తిరగేశాను. 1114లో పుట్టిన భాస్కరుడు 'లీలావతి'ని 1150 ప్రాంతంలో రాశాడు. ముత్యం కథేమో 1587లో, అక్బరు ఆస్థానకవి ఫైజీ చేసిన పారశీక అనువాదంలో కనిపిస్తుంది. మధ్యలో నాలుగు వందల ఏళ్ళు! కథ మాటెలా ఉన్నా, ఆ పుస్తకంలో చాలా లెక్కలు "బాలా!", "లేడికన్నుల దానా!" అంటూ ఆడపిల్లనే పిలిచి అడుగుతాయి. అది మాత్రం నిజం.

తాతయ్య అడిగిన లెక్కా అందులోదే. తుమ్మెదల గుంపులో అయిదోవంతు కడిమి పూలకూ, మూడోవంతు శిలీంధ్ర పూలకూ వెళ్ళాయి. ఆ రెంటి తేడాకి మూడురెట్లు కుటజ పూలమీద వాలాయి. ఒక్కటి మాత్రం మొగలి వాసనకీ జాజి వాసనకీ మధ్య ఎటూ తేల్చుకోలేక గాల్లో తిరుగుతోంది. మొత్తం ఎన్ని?

నాకు ఏడుపొచ్చింది. "ఏడవకే పిచ్చిపిల్లా, గుంపుని 15 వాటాలనుకో" అన్నారు తాతయ్య, చింతగింజలు పరుస్తూ. అయిదోవంతంటే 3, మూడోవంతంటే 5. తేడా 2, దానికి మూడురెట్లు 6. అన్నీ కలిపితే 14. మిగిలిన ఒక్క వాటాయే ఆ ఒంటరి తుమ్మెద. అంటే గుంపులో 15!

లెక్క నన్ను కరవలేదు. ఆ రాత్రినుంచి రోజుకి రెండే రెండు లెక్కలు, కానీ ఎందుకలా చేయాలో నాకు తెలిసేదాకా చేశాను. రాకపోతే చింతగింజలు తీసేదాన్ని.

పబ్లిక్ పరీక్షలో చేతులకి మళ్ళీ చెమట పట్టింది. పమిట చెంగుతో తుడుచుకుని, వచ్చిన లెక్కతో మొదలుపెట్టాను. 52 వచ్చాయి. నాన్నగారు కాలేజీ దరఖాస్తు తెచ్చారు.

ఇప్పుడు మా మనవరాలు పరీక్షలంటే గోళ్ళు కొరుకుతోంది. ఇంట్లో చింతగింజలు లేవు. పెసలు తీసుకుని పక్కన కూచున్నాను.