బరాబర్ ఆవాజ్ వెనక ఒక వేలు

ఇప్పుడు మన ఇళ్లలో కుర్రాళ్లు గిటార్, ల్యాప్‌టాప్ ముందేసుకుని ఇంట్లోనే పాటలు రికార్డు చేస్తున్నారు. బేస్ గిటార్ దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకటే షికాయత్: ఒక స్వరం ఉరుముతుంది, పక్క స్వరం వినపడదు. ఏ మెషీన్ కొనాలని అడుగుతారు. నాకైతే జవాబు చరిత్రలోనే కనబడుతుంది.

1959లో బెర్రీ గోర్డీ అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక మామూలు ఇల్లు కొన్నాడు. దాంట్లోనే దఫ్తర్, దాంట్లోనే స్టూడియో. 1960లలో మోటౌన్ కంపెనీ పాటలు చాలా వరకు అక్కడే తయారయ్యాయి. అంటే, అదీ ఇంట్లో రికార్డింగే!

అక్కడి బేస్ ఉస్తాద్ జేమ్స్ జేమర్సన్. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే తీగ మీటేవాడు. వేలు మారదు కాబట్టి దెబ్బ బరువూ అంతగా మారదు. పాత తీగలను తరచుగా మార్చేవాడు కాదు. బ్రిడ్జి మూత కింద స్పాంజి ఉండేది. దాంతో ఒక స్వరం మోత రెండో స్వరం మీద పడేది కాదు.

ఇక గది సంగతి. బేస్‌లో అన్నిటికన్నా కింది తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ ధ్వని అల పొడవు ఎనిమిది మీటర్ల పైనే. మన చిన్న గదుల్లో అలాంటి అలలు గోడలకు తగిలి కొన్ని స్వరాలను పెంచుతాయి, కొన్నిటిని మింగేస్తాయి. మోటౌన్ వాళ్లు బేస్‌ను మైకు ముందు పెట్టకుండా వైరుతో నేరుగా రికార్డింగ్‌లోకి పంపేవాళ్లు. గది జోక్యమే ఉండేది కాదు. మనమూ అట్లాగే చేసి, హెడ్‌ఫోన్‌లో వినడం మేలు.

మెషీన్‌కూ తనదైన హునర్ ఉంది. 1960లలో జిమ్ లారెన్స్ తయారుచేసిన ఎల్‌ఏ-2ఏ కంప్రెసర్‌లో, ఆవాజ్ పెరిగితే లోపల వెలుగు పెరుగుతుంది. ఆ వెలుగును పసిగట్టి అది వాల్యూమ్ తగ్గిస్తుంది. దాని నకళ్లు ఇవాళ కంప్యూటర్లలో దొరుకుతాయి. కానీ అది ఎత్తును అణుస్తుంది, అంతే. వేలు సరిగ్గా మీటని స్వరానికి జాన్ పోయలేదు. అందుకే ముందు రియాజ్, తర్వాతే కంప్రెసర్.

అందరి చెవుల్లో బరాబర్‌గా మోగిన ఆ చేతికి పేరు మాత్రం బరాబర్‌గా దక్కలేదు. మోటౌన్ రికార్డుల మీద వాద్యకారుల పేర్లు వేసేవాళ్లు కాదు. జేమర్సన్ పేరు 1971లో మార్విన్ గే ఆల్బం మీద అచ్చయింది. 1983లో ఆయన చనిపోయాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దొరికింది 2000లో.