పుదుచ్చేరి శ్రుతులు, విద్యుత్స్వరములు

ఫ్రెంచివారి పాలన ఆచరణలో ముగిసిన మరుసటి ఏడే, అనగా 1955లో, సంస్కృత పండితుడగు ఝాన్ ఫిలియోజా పుదుచ్చేరి సెయింట్ లూయీ వీధిలో నెలకొల్పిన ఫ్రెంచి విద్యాసంస్థకు శైవాగమముల తాళపత్రములవలననే కీర్తి వచ్చెను గాని, సంగీతశాస్త్ర గ్రంథములు కూడ అచ్చట పరిష్కృతములైనవని ఎరిగినవారు కొలదిమంది. కాశిలో శివేంద్రనాథ బసు సన్నిధిని వీణ నభ్యసించి, అడయారు గ్రంథాలయమున కొంతకాలము పనిచేసి, పిమ్మట ఈ పట్టణమునకు వచ్చిన అలాన్ డానియేలూ, ఎన్. ఆర్. భట్టుతో కలసి, భరతుని పేర చెల్లుచున్న గీతాలంకారమును 1959లో ప్రకటించెను.

శ్రుతివిషయమున, స్థాయిని 53 భాగములుగా పంచవలెనను డానియేలూ పట్టుదల తాళపత్రములతో తీరునది కాదు. స్థాయిని పండ్రెండు మెట్లుగా బిగించుట, విజయనగరపు రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధియందు వీణకు మెట్లు నిర్ణయించిన నాటినుండి మనకు పరిచితమే. కాని వైణికుడు తంత్రిని లాగి మెట్ల నడుమ దాగిన సూక్ష్మస్వరమును రాబట్టుకొనగలడు, హార్మోనియపు మీటకు ఆ భాగ్యము లేదు.

1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్ రూపొందించిన సింథసైజరను విద్యుద్వాద్యమునకు కూడ ఈ మీటల బల్లయే వారసత్వముగా సంక్రమించినది. మన దేశమున కది 1969లో, డేవిడ్ ట్యూడర్ చేతులమీదుగా, అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు చేరెను. దాని అక్షరాభ్యాసము ఇట్టిది: ఆసిలేటరు రంపపు పండ్లవంటి తరంగమును పుట్టించును, మూలస్వరముతోబాటు అనుస్వరములన్నియు అందు కిక్కిరిసి యుండుటచే అది చెవికి కరకుగా తోచును, ఫిల్టరు నాబును మెల్లగా త్రిప్పినకొలది పై అనుస్వరములు సన్నగిల్లి నాదము నునుపెక్కును, ఆ నాదము మీటిన వీణవలె ఎగసి క్షీణింపవలెనో, ఊదినంతసేపు నిలుచు సన్నాయివలె సాగవలెనో ఎన్వలప్ నిర్ణయించును.

ఇక శ్రుతికి కర్త వోల్టేజి. ఒక వోల్టు పెరిగినచో స్వరము ఒక స్థాయి పైకేగును. కనుక మీటకు మీటకు ఎడము సుమారు 83 మిల్లీవోల్టులు. డానియేలూ కోరినట్లు స్థాయిని 53గా పంచినచో ఆ ఎడము సుమారు 19కి దిగును. విద్యుత్తునకు ఇందు అభ్యంతరమేమియు లేదు. అడ్డుపడునది, నా మట్టుకు, ఆ మీటల బల్లయే.

పారిస్‌లో మారిస్ మార్తెనో సాయమున మొదలిడిన సూక్ష్మశ్రుతి వాద్యపు యత్నమును విడువక డానియేలూ, నాగ్రా టేప్ రికార్డరు నిర్మాతయగు స్టెఫాన్ కుడెల్స్కీ నాశ్రయింపగా, కొన్నేండ్లకు కుడెల్స్కీ కుమారుడు ఆండ్రేయును, క్లోడ్ సెల్లియేయును ఎస్ 52 అను వాద్యమును నిర్మించి యిచ్చిరి. అట్టి వాద్యము లేని విద్యార్థి ఆసిలేటరు సూక్ష్మశ్రుతి నాబును వెంట్రుకవాసి త్రిప్పుచు, తంబురాకు చెవి యొగ్గి, రెండు నాదముల నడుమ కదలాడు కంపము అణగిన చోట అంతరగాంధారమును నిలుపుకొనవలసినదే.