పుట్టింటికి దూరంగా పురుడు

తెలుగునాట తొలి కాన్పు పుట్టింట జరగడం తరతరాల ఆనవాయితీ. నెలలు నిండుతుండగా సీమంతం, పుట్టింటికి ప్రయాణం, మంత్రసాని రాక, బాలింతకు కాయం, పథ్యం, పురిటి స్నానం, ఇవన్నీ ఒక క్రమంలో సాగే ఏర్పాట్లు. వైద్యశాలలు అందుబాటులో లేని కాలంలో తల్లీబిడ్డలకు ఈ ఆచారాలే రక్షణ. ఆ రక్షణకు దూరమైన స్త్రీల కథ మన వలసల చరిత్రలో మరుగున పడిన అధ్యాయం.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు కాగానే చెరకు తోటల యజమానులు భారతీయ శ్రామికుల వైపు చూశారు. 1834లో మారిషస్‌కు, 1838లో బ్రిటిష్ గయానాకు, 1860లో నటాల్‌కు, 1879లో ఫిజీకి ఒప్పందపు కూలీల వలస ఆరంభమైంది. మద్రాసు రేవు నుంచి ఫిజీకి ఓడలు 1903లో బయలుదేరాయి. కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల వారూ వాటిలో వెళ్లారు. ప్రతి 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలు ఉండాలన్నది నిబంధన. స్త్రీల సంఖ్యను నిర్ణయించిన ప్రభుత్వం వారి పురుడు గురించి అంతగా ఆలోచించలేదు.

కలకత్తా నుంచి ఫిజీకి తెరచాప ఓడలో రెండున్నర నెలలు, ఆవిరి ఓడలో సుమారు ఒక నెల పట్టేది. ఓడకు ఒక వైద్యుడు ఉండేవాడు. సజీవంగా తీరం చేరిన వారి లెక్కన అతని పారితోషికం. 1903లో క్లైడ్ అనే ఓడలో కలకత్తా నుంచి గయానాకు ఒంటరిగా బయలుదేరిన సుజారియా అప్పటికే గర్భవతి. ఆమె నడిసముద్రంలో కొడుకును కన్నది. ఆమె మునిమనుమరాలు గాయుత్రా బహదూర్ ఆ జాడను వెదకి 2013లో గ్రంథస్థం చేశారు.

తోటల్లో బతుకు మరింత కఠినం. ఫిజీలో రోజుకూలి పురుషునికి ఒక షిల్లింగు, స్త్రీకి 9 పెన్నీలు. అదీ అప్పగించిన పని పూర్తయితేనే. గది కొలత 10 అడుగులకు 7 అడుగులు. పసిబిడ్డలను పొలం గట్టున పడుకోబెట్టి తల్లులు కలుపు తీసేవారు. శిశుమరణాలు పెరిగినప్పుడు అధికారులు తల్లుల నిర్లక్ష్యాన్నే నిందించారు. ఆ నింద నిరాధారమనీ, శ్రమభారమూ దుర్భర పరిస్థితులూ అసలు కారణాలనీ చరిత్రకారుడు బ్రిజ్ లాల్ 1985లో వాదించారు.

అయినా ఆ స్త్రీలు పూర్తిగా ఒంటరులు కారు. ఒకే ఓడలో వచ్చినవారు జహాజీ బంధువులు. ఆ వరుస రక్తసంబంధంతో సమానమని వారు భావించేవారు. కన్నతల్లి లేని చోట ఆ చెలిమే ఆసరా.

1916లో సి.ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్‌ల నివేదిక, 1918లో ఫ్లోరెన్స్ గార్న్‌హామ్ నివేదిక ఫిజీ కూలీల దుస్థితిని లోకానికి చాటాయి. 1917లో కూలీల చేరిక నిలిచిపోయింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందాలు రద్దయ్యాయి.

నేడు విదేశంలో కాన్పుకు సిద్ధమయ్యే తెలుగు యువతి కోసం తల్లి శొంఠిపొడి మూట కట్టుకొని విమానమెక్కుతుంది. పుట్టిన బిడ్డ భారత పౌరసత్వం కోసం ఏడాదిలోగా మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవచ్చు. పుట్టిల్లే కడలి దాటి వస్తున్న ఈ రోజుల్లో, పుట్టిల్లు లేకుండానే బిడ్డలను కని సాకిన ఆ తల్లులను తలచుకోవడం మన బాధ్యత.