కూలిన డేటాబేస్ వదిలే సాక్ష్యం

రావికమతం మండలంలో పొలం ఉన్న రైతు 1-బి నకలు చూసుకోవాలంటే ఇవాళ ఫోన్‌లో భూమి రికార్డుల పోర్టల్ మీభూమి తెరిచి ఖాతా నంబరు కొడితే చాలు. ఒకప్పుడు ఆ వివరం కోసం కరణం ఇంటి అరుగు ఎక్కాల్సి వచ్చేది. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది. మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. 1998 నవంబరులో ‘కార్డ్’ పథకంతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి, 2015లో మీభూమి మొదలైంది. ఈ కథ చెప్పేవాళ్లంతా వేగం గురించే చెబుతారు. రోజులు పట్టే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) నిమిషాల్లో చేతికి రావడం గొప్ప సంగతే, కాదనను. కానీ లెక్క తప్పిన రోజున ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో ఎలా తెలుస్తుందన్న ప్రశ్న అంతకంటే పెద్దది. చెడినప్పుడు సాక్ష్యం మిగిలేలా ముందే ఏర్పాటు చేసుకున్న వ్యవస్థనే నమ్మగలమని దస్త్రాల చరిత్రా, డేటాబేస్‌ల చరిత్రా చెబుతున్నాయి.

కాగితం కాలం ఈ సంగతి ఎరుగును. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం దస్తావేజులో కొట్టివేతలు, దిద్దుబాట్లు, ఖాళీలు, వరుసల మధ్య రాతలు ఉంటే రాసిచ్చినవాళ్లు వాటి దగ్గర సంతకమో పొట్టి సంతకమో పెట్టాలి. లేకపోతే రిజిస్టరు చేయనని అధికారి అనవచ్చు. తప్పు రాయడం నేరం కాదు గానీ, దాన్ని కనబడకుండా చెరిపేయడానికి వీల్లేదు.

కంప్యూటర్ డేటాబేస్‌లలో కొన్ని ఈ నియమానికి ఆలస్యంగా వచ్చాయి. మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలై, 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని పేరు మార్చుకున్న డేటాబేస్‌నే చూడండి. దాని సోర్స్ కోడ్ ఎవరైనా దింపుకుని సొంతంగా కంపైల్ చేసుకోవచ్చు. అయినా 2001లో 7.1 వెర్షన్ వచ్చేదాకా, రాత మధ్యలో సర్వర్ కూలితే ఇండెక్సు ఒక దారి, పట్టిక ఒక దారి అయ్యే ప్రమాదం ఉండేది. చేయబోయే మార్పును ముందు లాగ్‌లో రాసి, తర్వాతే అసలు పేజీని డిస్కు మీద మార్చే పద్ధతి ఆ వెర్షన్‌తో వచ్చింది. దాంతో కూలిన డేటా మళ్లీ లేచి నిలబడడం నేర్చుకుంది. కానీ ఎందుకు కూలిందో ఆ లాగ్ చెప్పదు. అది వేరే సాక్ష్యం, దానికి వేరే ఏర్పాటు కావాలి.

కూలే క్షణాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఈ డేటాబేస్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ ఉంటుంది. ఒకటి ముట్టకూడని మెమరీని ముట్టి సిగ్నల్ 11తో చచ్చిపోతే, ఉమ్మడి మెమరీ పాడై ఉండవచ్చని ప్రధాన ప్రాసెస్ మిగతా కనెక్షన్లన్నీ తెంచి, ఆ మార్పుల లాగ్ చదివి, మళ్లీ మొదలుపెడుతుంది. సర్వర్ లాగ్‌లో మిగిలేది ఏ ప్రాసెస్ ఏ సిగ్నల్‌తో పోయిందన్న ఒక్క వాక్యమూ, మహా అయితే అప్పుడు నడుస్తున్న క్వెరీ. అసలు కారణం, కూలిన క్షణాన ఆ ప్రాసెస్ మెమరీకి నకలైన కోర్ ఫైల్‌లో ఉంటుంది. చాలా లినక్స్ యంత్రాల్లో దాని పరిమాణానికి పరిమితి సున్నాగా ఉంటుంది కాబట్టి ముందే పెంచి ఉంచకపోతే ఆ ఫైల్ పుట్టదు. పుట్టినా, జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిచి ‘బీటీ’ అని కొట్టినప్పుడు ఏ ఫంక్షన్ ఏ వరుసలో ఆగిందో కనబడాలంటే కంపైల్ చేసేటప్పుడే ‘ఎనేబుల్-డీబగ్’ ఇచ్చి ఉండాలి. కూలిన తర్వాత తొందరపడి మళ్లీ కంపైల్ చేసి పాత బైనరీని పోగొట్టుకుంటే, చేతిలో ఉన్న కోర్ ఫైల్‌ను సరిగా చదివే మార్గం దాదాపు మూసుకుపోయినట్టే. అంటే సోర్స్ తెరిచి ఉండడం ఒక్కటే చాలదు. నడిచే ప్రోగ్రాం ఏ సోర్స్ నుంచి, ఏ ఆప్షన్లతో తయారైందో కూడా దాచి ఉంచాలి.

తప్పులు బయటపడిన కొద్దీ డేటాబేస్ కూడా బాగుపడింది. ఒక వెర్షన్ కోసం కంపైల్ చేసిన ఎక్స్‌టెన్షన్‌ను మరో వెర్షన్‌లో లోడ్ చేస్తే సర్వర్ కూలే ప్రమాదం ఉండేది. 2006లో 8.2 వెర్షన్ నుంచి ప్రతి మాడ్యూల్‌లో ఒక గుర్తు ఉండాలన్నారు. అది సరిపోలకపోతే సర్వర్ లోడ్ చేయనని ముఖం మీదే చెబుతుంది. 2018లో బయటపడింది ఇంకా గంభీరమైనది. డిస్కుకు రాయడం విఫలమైనప్పుడు లినక్స్ ఆ సంగతి ఒకసారి చెప్పి, మళ్లీ అడిగితే అంతా బాగానే ఉందనవచ్చు. డేటాబేస్ ఆ రెండో మాటే నమ్మేది. డేటా పోయేది, ఏ గంటా మోగేది కాదు. 2019 ఫిబ్రవరిలో వచ్చిన సవరణలో అలాంటి చోట సర్వర్ కావాలనే కూలిపోయి, లాగ్ నుంచి తిరిగి కట్టుకునేలా మార్చారు. మౌనంగా తప్పు లెక్కతో నడవడం కంటే అందరికీ తెలిసేలా ఆగిపోవడం మేలని తీసుకున్న ఈ నిర్ణయాన్ని నేను ఆ డేటాబేస్ చరిత్రలోకెల్లా గౌరవనీయమైనదిగా భావిస్తాను.

ఆఫీసు ముందు జనం నిలబడి ఉంటే కోర్ ఫైల్ ఎవరు చూస్తారు, రీస్టార్ట్ చేయడమే ప్రజాసేవ కదా అనవచ్చు. ఆ తొందర న్యాయమైనదే. అయితే సాక్ష్యం దాచడానికి సేవ ఆపనక్కర్లేదు. ఏర్పాటు ముందే ఉంటే కోర్ ఫైల్ దానంతటదే డిస్కు మీద పడుతుంది, సర్వర్ లేస్తుంది, విచారణ తర్వాత తీరిగ్గా జరుగుతుంది. కారణం తెలియని క్రాష్ రేపు మళ్లీ వస్తుంది, అదే జనం మళ్లీ నిలబడాలి. రెడీమేడ్ ప్యాకేజీలు ఉండగా సోర్స్ నుంచి కట్టడం దేనికని మరో మాట. చాలాచోట్ల ప్యాకేజీయే మంచిది. వాటికి డీబగ్ గుర్తుల ప్యాకేజీలు కూడా విడిగా దొరుకుతాయి. కానీ మన అవసరానికి మార్చుకున్న కోడ్‌కూ సొంత ఎక్స్‌టెన్షన్లకూ ఆ గుర్తులు మనమే దాచుకోవాలి.

రెవెన్యూ ఆఫీసులో జీడీబీ ఎవరికి వచ్చు అన్నది అన్నిటికంటే బలమైన ఆక్షేపణ. మండల ఆఫీసులో రానక్కర్లేదు, రాష్ట్రం మొత్తానికి కొద్దిమందికి వస్తే చాలు. వాళ్ల చేతికి ఏం అందుతుందన్నదే చిక్కు. 2015లో కేంద్రం ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇస్తూ విధానం ప్రకటించింది. దాన్ని అమలు చేసే టెండర్లలో సోర్స్ కోడ్ ఇవ్వాలన్న షరతు ఒక్కటే రాస్తే పని సగమే అవుతుంది. నడుస్తున్న బైనరీ, దాన్ని కట్టిన ఆప్షన్లు, డీబగ్ గుర్తులు కాంట్రాక్టు ముగిశాక కూడా శాఖ దగ్గరే ఉండాలి. కోర్ ఫైల్‌లో రైతుల వివరాలు కూడా ఉండవచ్చు కాబట్టి, దాన్ని ఎవరు తెరవవచ్చో, ఎన్నాళ్లు ఉంచాలో ఆ కాంట్రాక్టులోనే రాయాలి.