పసివాడికి నీళ్ళు పోసేటప్పుడు చూడవలసిన సంగతి

ఈ వారం మేము రాసేది కాస్త సిగ్గుపడే సంగతి. ఆడవాళ్ళూ పిల్లలూ చదివే చోట ఇదేమి రాత అని కొందరు అనుకోవచ్చు. ఆ సిగ్గువల్లే మా ఇంట్లో పదేళ్ళు పోయాయి, అందుకే రాస్తున్నాము. మేము బడిలో చదివింది అరవం, తెలుగు రాత పెద్దయ్యాక నేర్చుకున్నది. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

మా పెద్దవాడు నెలల పిల్లాడప్పుడు, కాళ్ళమీద వేసుకొని నీళ్ళు పోస్తూ మా అమ్మ కనిపెట్టింది, ఒకపక్క బీజం చేతికి తగలడం లేదని. "మీసం వచ్చేలోగా అదే దిగుతుందిలే" అన్నారు పెద్దలు. చూపించిన ఆసుపత్రిలోనూ "పదేళ్ళు రానీండి" అన్నారు. పదకొండో ఏట ఆపరేషన్ అయింది. ఈ "ఆగండి" అనే మాట ఎక్కణ్ణించి వచ్చిందా అని రిటైరయ్యాక చదివితే, దాని వెనక పెద్ద కథే ఉంది.

గర్భంలో మగబిడ్డ బీజాలు మొదట కడుపులోనే ఉంటాయి. ఏడో నెల ప్రాంతంలో గజ్జ దారిగా సంచిలోకి దిగుతాయి. లండన్ వైద్యుడు జాన్ హంటర్ దీన్ని పరిశీలించి రాసినది 1762లో అచ్చయింది. బీజానికి దారి చూపే తాడులాంటి కండకు గుబర్నాక్యులం, అంటే చుక్కాని, అని పేరు పెట్టింది ఆయనే.

తెలియడం వేరు, బాగుచేయడం వేరు. 1871లో లండన్‌లో జేమ్స్ ఆడమ్స్ ఏడాది నిండని బిడ్డకు ఆపరేషన్ చేశారు. పుండు చెడి బిడ్డ దక్కలేదు. క్రిములను చంపే మందు వాడి కోయాలని లిస్టర్ నేర్పిన పద్ధతిలో, 1877లో ఎడిన్‌బరోలో థామస్ అన్నండేల్ మూడేళ్ళ బాలుడికి బీజాన్ని సంచిలో నిలిపి కుట్టారు. అది నిలిచింది. 1899లో షికాగో వైద్యుడు బెవన్, పక్కనుండే హెర్నియా సంచిని విడదీసి, రక్తనాళాలను సడలించి, బీజాన్ని లాగకుండా దించే పద్ధతి రాశారు. నేటికీ ఆపరేషన్‌కు మూలం అదే.

మరి ఆగమన్నది ఎందుకు? అప్పట్లో పసివాళ్ళకు మత్తివ్వడమే గండం. పైగా కొందరికి వయసు వచ్చాక దిగినట్టు కనబడేది. వాళ్ళలో చాలామందివి అసలు దిగినవే, చలికీ భయానికీ పైకి లాక్కొనేవి. ఈ తేడా తెలియక అందరినీ ఆగమన్నారు.

సంచిలో వేడి ఒంటికంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ. పైన వేడిలో ఉండిపోయిన బీజం చిన్నప్పటినుంచే చెడుతుందని సూక్ష్మదర్శినిలో చూశాక, ఆపరేషన్ వయసు పదినుంచి అయిదుకు, తర్వాత రెండుకు దిగింది. 2007లో స్వీడన్ వాళ్ళు ఆపరేషన్ అయిన దాదాపు 17,000 మందిని లెక్క చూశారు. పదమూడేళ్ళలోపు చేయించుకున్న వారికి బీజాల క్యాన్సర్ మామూలువారికంటే రెండింతలు, ఆ తర్వాత చేయించుకున్న వారికి అయిదింతలకు పైన.

నెలలు నిండి పుట్టిన మగపిల్లలు నూరుమందిలో ముగ్గురికి ఇలా ఉంటుంది. నెలలు నిండక పుడితే ఇంకా ఎక్కువ. చాలామందికి మొదటి ఆరునెలల్లో అదే దిగుతుంది. ఆరునెలలకూ దిగకపోతే ఇక దిగడం అరుదు. అప్పుడు పిల్లల సర్జన్‌కు చూపించి, ఏడాదిన్నరలోపు ఆపరేషన్ ముగించాలి. స్కాను కంటే డాక్టరు చేయే నమ్మకం. చేతికి అందకపోతే బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి కెమెరాతో చూస్తారు. ఇది 1976లో ఇటలీలో మొదలైంది. రెండుపక్కలా తగలకపోతే మాత్రం పుట్టిన వెంటనే చూపించాలి.

పెళ్ళికి ముందు మా పెద్దవాడు అడిగాడు, "నైనా, ముందే ఎందుకు చేయించలేదు?" అని. మా దగ్గర జవాబు లేదు. ఒకపక్కదే గనుక సంతానానికి అడ్డు రాలేదు, దేవుడి దయ. కాని గడ్డ ఏమైనా ఉందేమో అని నెలకోసారి వాడు చూసుకోవలసిందే.

వాడి కొడుక్కీ అలాగే ఉంది. ఈసారి మేము ఎవరిమాటా వినలేదు. పదోనెలలో ఆపరేషన్, సాయంత్రానికి ఇంటికొచ్చేశాడు.

మన ఇళ్ళల్లో పసివాళ్ళకు వేన్నీళ్ళు పోసే అవ్వలారా, వేడికి ఒళ్ళు సడలిన ఆ వేళే చూడటానికి మంచి సమయం. రెండూ ఉన్నాయా అని ఒక్కసారి చూడండి. లేకపోతే సిగ్గుపడకుండా చెప్పండి.