ఏడింటిలో ఒక్క రోజు

మంట కాస్త ఎగదొయ్యరా అబ్బాయా, పొగంతా నా మొహానికే కొడతా ఉంది. ఇట్టా దగ్గరికి రాండి, చెబుతా.

పొద్దున గుళ్లో పాస్టరుగారు పౌలు ఎఫెసీయులకు రాసిన మాట తీసుకుని, టైము పోగొట్టుకోవద్దని ప్రసంగం చేసినాడు. మీరందరూ తలలూపినారు. మా ముత్తాతలకు ఆ ప్రసంగం చెప్పుంటే తెల్లమొహం వేసుండేవాళ్లు. టైము తమదైతే గదా పోగొట్టుకునేదానికి! పాలేరు పొద్దంతా కామందుది. కోడి కూతకు ముందే కొట్టంలో ఉండాల, గొడ్లను కట్టేసినాక ఇల్లు చేరాల. జాతరొస్తే డప్పు, గొడ్డు చస్తే మోత, రమ్మంటే పోవాల. ‘ఇప్పుడు కాదు’ అనే మాట వాళ్ల నోట పలికింది లేదు.

ఆ కాలంలోనే, 1840లో, డే దొర నెల్లూరొచ్చి బాప్టిస్టు మిషను పెట్టినాడు. మన అల్లూరికి బుల్లార్డు దొర 1873లో వచ్చినాడు. మధ్యలో 1866లో అదే మిషను క్లౌ దొర ఒంగోల్లో కాపురం పెట్టినాడు. ఆ తట్టు మాదిగోళ్లు బాప్తిస్మం తీసుకోగానే ఊళ్లలో తగువు ఎక్కడ మొదలయిందనుకున్నారు? ఆదివారం కాడ. ‘ఆ రోజు పనికి రాం, జాతరకు డప్పు వాయించం’ అన్నారు. కరణాలకూ మునసబులకూ ఒళ్లు మండింది. కూలి మాన్పించినారు, అంగట్లో సరుకు ఇవ్వొద్దన్నారు, నీళ్లకు కట్టడి పెట్టినారు. మాదిగోళ్లు అడిగింది ఏడింటిలో ఒక్క రోజు. పొలం అడగలా, పుట్టి వడ్లు అడగలా.

ఆ తర్వాత 1876 నుంచి 78 దాకా కరువొచ్చింది. మనూరికి తూర్పున, ఇసకపల్లికి పోతా దాటతామే బకింగ్‌హామ్ కాలవ, దాన్ని పొడిగించి తవ్వే పని సర్కారు కరువు పనుల్లో పెట్టింది. క్లౌ దొర మిషనరీ కాకముందు అమెరికాలో భూములు సర్వే చేసిన మనిషి. గొలుసూ కొలతా తెలుసు. అందుకని కాలవలో మూడు మైళ్ల పైచిలుకు ముక్కను తనే కాంట్రాక్టు పట్టి, తన బోధకుల్ని పని మీద అజమాయిషీకి పెట్టినాడు. ఆ బోధకులు తట్ట నెత్తినున్నోడికి ప్రసంగం చెయ్యలా. మధ్యాన్నం తట్ట దించి గట్టు మీద చతికిలబడినప్పుడు పక్కన చేరి యేసు సంగతి చెప్పినారు. ఎవరికి ఎప్పుడు చెవి ఖాళీగా ఉంటుందో వాళ్లకు తెలుసు. వాళ్లూ తట్ట మోసిన ఇళ్లలోంచి వచ్చినోళ్లే.

జనం బాప్తిస్మం ఇమ్మని వచ్చినారు. దొర ఇవ్వలా. కూటికోసం కలిసినారన్న మాట రాకూడదని, కరువు కూలి ఆగిందాకా ఏడాదికి పైగా ఆపినాడు. కడాకు 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మలో 2,222 మందికి ఇచ్చినారు. ఆరుగురు బోధకులు, విడతకు ఇద్దరు ఏట్లో దిగినారు. అందరూ మన తెలుగోళ్లే, దొర ఇచ్చింది ఒక్కటీ లేదు. పొద్దున మొదలుపెట్టి, ఎండ ముదిరినప్పుడు ఆపి, మళ్లా దిగి, చీకటి పడకముందే ముగించినారు. మొత్తం తొమ్మిది గంటల పని. లెక్కేస్తే మనిషికి అర నిమిషం. ఆ అర నిమిషానికి ఏడాది పైన ఆగినారు గాబట్టే అది నిలబడింది. తొందరపడాల్సిన చోట తొందర, ఆగాల్సిన చోట ఆగడం, రెండూ తెలిస్తేనే టైము విలువ తెలిసినట్టు.

మా చిన్నప్పుడు మన పాలేనికి అట్టా టైము విలువ తెలిసిన ఒక బైబిలు స్త్రీ, ఇంటింటికీ పోయి బైబిలు కతలు చెప్పే ఆమె, వచ్చేది. నాట్ల రోజుల్లో పగలొస్తే ముసలోళ్లూ కోళ్లూ తప్ప ఎవరుంటారు? అందుకని దీపాలు పెట్టేవేళకు వచ్చేది. మా అమ్మ ఎసరు పెట్టి, బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుడి కుండలో వేసేది. ఆమె పొయ్యి కాడే పీటేసుకుని, పులుసుకు చింతపండు పిసికిస్తా కత చెప్పేది. అన్నం వార్చేలోపల కత అయిపోయేది. ప్రార్థన రెండు ముక్కలు. ‘ఆకలిగొన్నోళ్ల ఇంట్లో ఆమెన్ త్వరగా అనాలమ్మా’ అనేది. ఆమె మా ఇంట ఒక్కనాడూ కూడు ఆలస్యం చెయ్యలా. అందుకే రేపు రావొద్దని అన్నోళ్లు లేరు.

ఇప్పుడు మీకు ఆదివారం ఊరికే వచ్చింది. తినండి, పడుకోండి, సెల్లు చూసుకోండి, నేను కాదన్ను. కానీ ఊరి బయట రొయ్యల గుంటల కాడ రాత్రీ పగలూ కాపలా ఉండే పిల్లోళ్లున్నారే, వాళ్లకు ఈనాటికీ ఆదివారం లేదు. గుడి టైముకు వాళ్లు రాలేదని సణగబాకండి. మేత వేసినాక వాళ్లకు ఎప్పుడు తీరికో కనుక్కుని, ఆ వేళకు మీరే పొండి. పోయేటప్పుడు క్యారియర్‌లో ఇంత కూడు కూడా తీసకపొండి.