గాజు గొట్టం నుంచి కృత్రిమ మేధ దాకా

కడప జిల్లా పెండ్లిమర్రి చుట్టుపక్కల చేలల్లో రక్తపింజరి పేరు తెలియని రైతు ఉండడు. రక్తం గడ్డకట్టే తీరును తెలుసుకునే శాస్త్రంలోనూ ఆ పాముకు పాత చోటుంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్, 1796లో అచ్చయిన తన గ్రంథంలో దాన్ని 'కాటుక రేకుల పొడ' అనే తెలుగు పేరుతోనే ఎక్కించాడు. 1934లో ఇంగ్లండులో మాక్‌ఫర్లేన్ అనే డాక్టరు ఆ పాము విషాన్నే బాగా పలుచన చేసి, రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా రోగుల గాయాల మీద రక్తం ఆపడానికి వాడాడు. ఒంట్లోకి ఎక్కితే గడ్డకట్టే పదార్థాలను హరించి రక్తాన్ని నీళ్లలా పారించే విషమే, గాయం మీద చుక్కగా పడితే రక్తాన్ని ఆపింది. కాబట్టి రక్తం గడ్డకట్టిందా లేదా అన్నది సగం సమాచారమే, ఎందుకన్నది తేలితేనే వైద్యం. ఆపరేషన్ గదిలోకి కృత్రిమ మేధ వస్తున్న ఈ రోజుల్లో నేను పట్టుబట్టేది ఈ మాట మీదే.

పాముకాటుకు నేటికీ చేసే పరీక్ష చాలా చిన్నది. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. కారిపోతే గడ్డకట్టనట్టు. గొట్టం ప్లాస్టిక్‌దైనా, లోపల సబ్బు మిగిలినా ఫలితం తప్పుతుంది. 1948లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో హార్టెర్ట్ అనే డాక్టరు కనిపెట్టిన త్రాంబోఎలాస్టోగ్రఫీ ఈ చూపును గీతగా మార్చింది. చిన్న గిన్నెలో రక్తం, అందులో వేలాడే కడ్డీ. గడ్డ బిగిసేకొద్దీ గీత వెడల్పవుతుంది, కరిగితే సన్నబడుతుంది. 1980లలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కాలేయ మార్పిడి చేసేటప్పుడు దీన్ని ఆపరేషన్ బల్ల పక్కనే పెట్టుకున్నారు. ల్యాబ్ రిపోర్టు చేతికొచ్చేలోపు రోగి పరిస్థితే మారిపోయేది మరి. అయితే ఆ గీతను చదవడం అందరికీ చేతనయ్యే పని కాదు. అర్ధరాత్రి రక్తం పోతున్న రోగి పక్కన ఒంటరిగా ఉన్న మత్తు డాక్టరుకు, గీతను చదివి ప్లాస్మా ఎక్కించాలో ప్లేట్‌లెట్లు ఎక్కించాలో సూచించే కంప్యూటర్ నిజంగా అండే.

యంత్రం పొరబడితే బాధ్యత ఎవరిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అలసిన కళ్లూ పొరబడతాయి కనుక సూచన యంత్రానిది, నిర్ణయం డాక్టరుది అనే ఏర్పాటు చాలు. అంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. గుండె, కాలేయ ఆపరేషన్ల గీతలతోనే నేర్చిన యంత్రం, రక్తపింజరి కరిచిన మనిషి గీతను చూసి ప్లాస్మా ఎక్కించమనవచ్చు. అక్కడ ముందు పడాల్సింది విషానికి విరుగుడు మందు. విషం ఒంట్లో ఉండగా ఎక్కించిన ప్లాస్మానూ అది హరిస్తుంది. దీనికి జవాబు యంత్రాన్ని వద్దనడం కాదు, మన కేసులు దానికి నేర్పడం. కడప లాంటి జిల్లా ఆసుపత్రుల్లోని పాముకాటు రోగుల పరీక్షా ఫలితాలను, పేర్లు తొలగించి, పద్ధతిగా భద్రపరచాలి. ఆ పని గాజు గొట్టం పరీక్షతోనే మొదలుపెట్టవచ్చు, దానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు.